చీటీ మీద ఏం రాయాలి?

చేతిపని వస్తువును అమ్మకానికి పెట్టినప్పుడు దానికి ఒక చీటీ కడతారు. ధర రాస్తారు. కొన్నిచోట్ల చేసిన మనిషి పేరూ ఊరూ కూడా రాస్తారు. ఆ చేసిన స్త్రీ హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీ అయితే చీటీ మీద తరచుగా ఇంకో వాక్యం చేరుతుంది. ఆమెకు ఫలానా జబ్బు ఉందనీ, ఈ వస్తువు కొంటే ఆమెకు సహాయం చేసినట్టు అవుతుందనీ. ఈ వాక్యం రాయొచ్చా, రాయకూడదా అన్నది చాలా చిన్న ప్రశ్నలా కనబడుతుంది. ఏదో సంస్థ కమిటీ మీటింగులో టీ తాగుతూ తేల్చేసే విషయంలాగా. నాకు మాత్రం అది కొన్నేళ్ళుగా కొరుకుడు పడటం లేదు. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసినదాన్ని గనుక ఎవరి కథను ఎవరు చెబుతున్నారు, ఎవరి కోసం చెబుతున్నారు అని అడగటం అలవాటైపోయింది. చీటీ మీది వాక్యం కూడా ఒక ఆత్మకథే. కాకపోతే దాన్ని రాసేది ఆ స్త్రీ కాదు.

ఈ ప్రశ్నను దక్షిణాఫ్రికా నుంచి మొదలుపెట్టటానికి కారణం ఉంది. ఈ జబ్బు గురించి స్త్రీలు తమ చేతులతో మాట్లాడినంతగా మరెక్కడా మాట్లాడలేదేమో అనిపిస్తుంది నాకు. 1999లో డర్బన్ నగరంలో డిజైన్ బోధించే కేట్ వెల్స్, క్వాజులు-నటాల్ పల్లెల్లో పూసల పని చేసే స్త్రీలతో కలిసి ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. దాని పేరు సియజామా. జులూ భాషలో ‘మేం ప్రయత్నిస్తున్నాం’ అని అర్థం. ఆ స్త్రీలకు పూసల పని ఎవరూ కొత్తగా నేర్పలేదు. అది వాళ్ళ అమ్మమ్మల నాటి విద్య. వయసులో ఉన్న ఆడపిల్ల తను ఇష్టపడిన వాడికి పూసలతో అల్లిన చిన్న పట్టీ ఇచ్చేది. అందులోని రంగులూ, వాటి వరసా చెప్పాల్సింది చెప్పేవి. ఏ రంగుకు ఏ అర్థమో ఊరిని బట్టి మారుతుంది, బయటివాళ్ళకు అంత తేలిగ్గా అంతుబట్టదు.

ఆ పూసలకు అంత అవసరం ఎందుకొచ్చిందంటే, జులూ సమాజంలో ‘హ్లోనిఫా’ అనే ఆచారం ఉంది. పెళ్ళయిన స్త్రీ మామగారి పేరు పలకకూడదు. పేరే కాదు, ఆ పేరులోని అక్షరాలు వినబడే మామూలు మాటలు కూడా పలకకూడదు. వాటికి బదులు వేరే మాటలు వాడాలి. మనకిది మరీ వింతేం కాదు. మొగుడి పేరు పలకని నాయనమ్మల్ని చూసినవాళ్ళమే మనం. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఇంటాయన పేరేమిటని అడిగితే పక్కనున్న పిల్లాణ్ణి ముందుకు తోసేవాళ్ళు. మామగారి పేరే నోట రాకూడని చోట లైంగిక సంబంధాల గురించీ, మొగుడు ఎక్కడి నుంచో తెచ్చిన జబ్బు గురించీ నోరు తెరిచి మాట్లాడటం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. సియజామా స్త్రీలు చేసిన బొమ్మలు ఆ పని చేశాయి. పడకలో పడి ఉన్న మనిషి, పక్కన కూర్చున్న తల్లి, శవపేటిక, పూసలతో అల్లిన ఎర్ర రిబ్బను. చెప్పకూడని మాటను నోరు దాటవేసినా చేతులు చెప్పాయి.

ఇక్కడ నాకు ముఖ్యంగా తోచిన విషయం ఏమిటంటే, ఆ బొమ్మ చేసిన స్త్రీకి హెచ్.ఐ.వి. ఉందా లేదా అన్నది బొమ్మ చెప్పదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, పరీక్ష చేయించుకోనివాళ్ళూ, చేయించుకుని ఎవరికీ చెప్పనివాళ్ళూ అందరూ అదే బొమ్మ చేయొచ్చు. బొమ్మ జబ్బు గురించి మాట్లాడుతుంది. చీటీ అలా కాదు, అది మనిషి గురించి మాట్లాడుతుంది.

ఈ తేడాకు ప్రాణాలంత విలువ ఉందని అదే ప్రాంతంలో అంతకుముందే రుజువైంది. డర్బన్ పక్కన క్వామాషులో గుగు ద్లామిని అనే కార్యకర్త 1998 డిసెంబరులో, ప్రపంచ ఎయిడ్స్ దినం సందర్భంగా తనకు హెచ్.ఐ.వి. ఉందని బహిరంగంగా చెప్పింది. కొద్ది రోజులకే ఆమెను కొట్టి చంపారు. మా ఊరికి మచ్చ తెచ్చావన్నదే ఆమె మీద నేరం. డర్బన్ నడిబొడ్డున ఇప్పుడు ఆమె పేరుతో ఒక పార్కు ఉంది. చెప్పుకోండి, దాచుకోకండి, దాచుకుంటే కళంకం పెరుగుతుంది అని మనం చాలా సులువుగా అనేస్తుంటాం. మాట తప్పు కాదు. కానీ చెప్పమనేది ఒకళ్ళు, చెప్పి దెబ్బలు తినేది ఇంకొకళ్ళు.

దీనికి దక్షిణాఫ్రికా ఉద్యమకారులు ఒక జవాబు కనిపెట్టారు. అదే నెలలో, 1998 డిసెంబరు 10న, జాకీ అఖ్మత్ తదితరులు ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే సంస్థను మొదలుపెట్టారు. వాళ్ళు తెల్ల టీ షర్టుల మీద పెద్ద పెద్ద అక్షరాలతో ‘హెచ్.ఐ.వి. పాజిటివ్’ అని అచ్చు వేయించి అందరూ తొడుక్కున్నారు. ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ. 2002 డిసెంబరులో కేప్‌టౌన్ పక్కన ఖయేలిత్షాలోని క్లినిక్కుకు వెళ్ళిన నెల్సన్ మండేలా కూడా అదే చొక్కా తొడుక్కున్నాడు. చొక్కాను చూసి ఎవరికి ఉందో ఎవరికి లేదో కనిపెట్టే వీలు లేకుండా పోయింది. ‘నువ్వు ఆ మనిషివేనా?’ అని అడిగేవాడి ప్రశ్నే అర్థం లేనిదైపోయింది. అక్షరాలు అవే, చీటీ మీద ఉండేవే. కానీ చీటీ ఒక స్త్రీని మిగతావాళ్ళ నుంచి వేరు చేసి నిలబెడుతుంది, చొక్కా ఆమెను మిగతావాళ్ళలో కలిపేసుకుంటుంది. బహిరంగంగా చెప్పటం గురించి నేను చదివిన సిద్ధాంత గ్రంథాలన్నిటికంటే ఆ నూలు చొక్కా నాకు ఎక్కువ నేర్పింది.

ఇక డబ్బు సంగతి. జబ్బుతో ఉన్న స్త్రీలకు చేతిపని నేర్పేవాళ్ళు చాలామంది ఒక మాట అంటారు. డబ్బు ఎంత వస్తుందన్నది కాదండీ ముఖ్యం, నలుగురితో కూర్చుని చేతులు ఆడిస్తుంటే మనసుకు ఊరట. ఇందులో నిజం లేకపోలేదు. ఊరంతా దూరం పెట్టిన మనిషికి తనలాంటి వాళ్ళతో కలిసి కూర్చోవటం, ఒకరి దారం ఒకరు అందుకోవటం ఎంత పెద్ద విషయమో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళం ఊహించలేం. అయినా ఈ మాట వినగానే నాకు నరసాపురం గుర్తొస్తుంది.

మేరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాది మన నరసాపురం లేసు అల్లే స్త్రీల గురించి 1982లో పుస్తకం ప్రచురించింది. స్త్రీల శ్రమ గురించి ఆలోచించేవాళ్ళు తెలుగునాట ఆ పుస్తకాన్ని తప్పించుకుని పోలేరు. ఆ స్త్రీలు రోజుకు ఆరేడు గంటలు అల్లేవారు. అల్లింది విదేశాలకు పోయేది. మధ్యలో ఏజెంట్లు, ఎగుమతిదారులు, అందరూ మగవాళ్ళే. కానీ వీళ్ళు కార్మికులు అని ఎవరూ అనేవారు కాదు, తమను తాము కూడా అనుకునేవారు కాదు. ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు, తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు, అంతే. ఘోషా పాటించే ఇంటి ఆడదాన్నన్న గౌరవం ఒక పక్కన ఉంది, ఆ గౌరవానికి ధరగా పొలం పనికి పోయే ఆడకూలీ కన్నా తక్కువ సంపాదన ఇంకో పక్కన ఉంది. ‘తీరిక’ అన్న ఒక్క మాటతో అంత శ్రమా లెక్కలోకి రాకుండా పోయింది.

నా అనుమానం ఏమిటంటే ‘ఊరట’ అన్న మాట కూడా అదే పని చేస్తుంది. పని అంటే కూలి ఇవ్వాలి, కనీస వేతనం ఎంతో చూడాలి, గంటలు లెక్కపెట్టాలి. ఊరట అంటే అవేవీ అక్కర్లేదు, ఇంకా ఆమే మనకు కృతజ్ఞత చెప్పాలి. నరసాపురంలో కులగౌరవం చేసిన పనిని ఇక్కడ జాలి చేస్తుంది. మన రాష్ట్రాల్లో ఈ జాలికి ఒక స్థిరమైన ఆకారం కూడా ఉంది. అదే కుట్టుమిషను. విధవరాలు కనబడితే కుట్టుమిషను, ఒంటరి స్త్రీ కనబడితే కుట్టుమిషను, హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీ కనబడినా కుట్టుమిషనే. ఎవరో పెద్దమనిషి ఇస్తున్నట్టు, ఆమె రెండు చేతులా అందుకుంటున్నట్టు పేపర్లో ఫోటో. ఆ ఊళ్ళో అప్పటికే ఎన్ని కుట్టుమిషన్లు ఉన్నాయి, ఈమె కుట్టిన జాకెట్టు తొడుక్కోవటానికి ఎవరైనా ముందుకొస్తారా అని ఫోటో తీసేవాడు అడగడు. జబ్బు సంగతి ఊరికి తెలిసిన మనిషి చేత బట్టలు కుట్టించుకునేదెవరు? ఆమె కుట్టింది కొనాలంటే ఆమె ఎవరో తెలియని ఊరు కావాలి. అందుకే ఈ సరుకంతా పట్నం ఎగ్జిబిషన్లకు చేరుతుంది.

కొన్నేళ్ళ కింద హైదరాబాద్‌లో అలాంటి ఒక ఎగ్జిబిషన్‌లో జనపనార సంచులు అమ్మే స్టాలు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. వెనకాల పెద్ద బోర్డు. ఈ సంచులు హెచ్.ఐ.వి. బాధిత మహిళలు తయారు చేసినవి అని. ఒకావిడ సంచి చేతిలోకి తీసుకుని, బోర్డు చదివి, సంచిని మెల్లగా కింద పెట్టి వెళ్ళిపోయింది. ఇంకొకావిడ బోర్డు చదివి గబగబా మూడు సంచులు కొనేసింది. జిప్పు పడుతోందో లేదో కూడా చూడలేదు. ఇద్దరూ బోర్డే చదివారు, ఇద్దరిలో ఎవరూ సంచిని చూడలేదు. స్టాలులో ఉన్నామెతో ఆ మాటే అన్నాను. ఆమె నవ్వి, “బోర్డు తీసేస్తే సంచి చూస్తారు మేడమ్. బోర్డు ఉంటే నన్ను చూస్తారు” అంది. మరి తీసేయకపోయారా అంటే, “తీస్తే అమ్మకం సగానికి పడిపోతుంది. మా పిల్ల ఇంటర్ ఫీజు కట్టాలి గదండీ” అంది.

ఈ జవాబు తర్వాత ‘చీటీ మీద ఆ వాక్యం ఉండకూడదు’ అని తీర్పు చెప్పేసి ఊరుకోవటం నాకు సాధ్యం కాలేదు. ఆమెకు అన్నీ తెలుసు. ఏది అమ్ముడవుతోందో, దానికి బదులుగా తను ఏమిస్తోందో లెక్క కట్టుకునే కూర్చుంది. పిల్ల ఫీజు కట్టాల్సిన మనిషికి ఆత్మగౌరవం గురించి ఉపన్యాసం ఇవ్వటానికి నేనెవరిని? అలాగని ఆమె ఒప్పుకుంది గనుక గొడవ లేదు అనటానికి కూడా నోరు రాదు. మన దేశంలో 2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా ఆమెకున్న ఈ స్థితిని బయటపెట్టటానికి వీల్లేదని ఆ చట్టం చెబుతుంది. ఇంట్లోంచి గెంటేయకుండా, ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కు కూడా ఇచ్చింది. అత్తింటివాళ్ళు కొడుకు చావును కోడలి మీదికి నెట్టి బయటికి పంపేసిన మన ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. కానీ అంగీకారం అన్న మాటను చట్టం ఎంత జాగ్రత్తగా రాసుకున్నా అది ఆకలి ముందు తేలిపోతుంది. వేరే దారి ఉన్న మనిషి ఇచ్చిన అంగీకారమూ, లేని మనిషి ఇచ్చిన అంగీకారమూ కాగితం మీద ఒకేలా ఉంటాయి.

అందుకని నేను ప్రశ్నను కొంచెం జరిపి చూస్తాను. చీటీ మీద ఆ వాక్యం ఉందా లేదా అని కాదు. ఆమె రేపు పొద్దున వచ్చి ఆ వాక్యం తీసేయండి అంటే, ఆమె పనికి రేటు అదే ఉంటుందా? ఆర్డరు అలాగే వస్తుందా? వస్తే ఆ వాక్యం ఆమెది. రాకపోతే అమ్ముతున్నది సంచిని కాదు.

ఈ కొలతతో చూస్తే కొన్ని పనులు నిలబడతాయి. 2000లో కేప్‌టౌన్‌లో ముగ్గురు స్త్రీలు మంకీబిజ్ అనే సంస్థ మొదలుపెట్టారు. పేటల్లోని స్త్రీలు ఇంట్లోనే ఉండి పూసలతో జంతువుల బొమ్మలు చేస్తారు, ఏ రెండూ ఒకేలా ఉండవు. బొమ్మతో పాటు చేసిన మనిషి పేరు ఉంటుంది, చిత్రకారిణి సంతకంలాగా. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ ఆరోగ్యం చూసుకునే ఏర్పాటు సంస్థలో వేరే ఉంది. బొమ్మ ఒక దారిన, మందు ఒక దారిన. ఖయేలిత్షాలోనే 2002లో బంబనాని అనే స్త్రీల బృందం ఇంకోలా చేసింది. పెద్ద కాగితం నేల మీద పరిచి దాని మీద పడుకుంటే, పక్కనామె చుట్టూ గీత గీస్తుంది. నిలువెత్తు శరీరం ఆకారం. ఇక దాని లోపల ఎవరి శరీరాన్ని వాళ్ళు నింపుకోవాలి, ఎక్కడ మచ్చ, ఎక్కడ కాన్పు కోత, వైరస్ ఏ రంగు, మందు ఏ రంగు, బలం ఎక్కడ. ఆ చిత్రాలు, వాళ్ళ మాటలు 2003లో పుస్తకంగా వచ్చాయి. కొందరు తమ పేరుతో, తమ ముఖంతో నిలబడ్డారు. అక్కడ జబ్బు బయటపెట్టటం చీటీ మీది వాక్యంకన్నా వెయ్యి రెట్లు ఎక్కువ. అయినా అది నన్ను కలవరపెట్టదు. ఏది గీయాలో, ఏది ఖాళీగా వదలాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఆత్మకథ చదివేవాళ్ళు రాసినదాన్ని మాత్రమే కాదు, వదిలేసినదాన్ని కూడా గౌరవించటం నేర్చుకోవాలి అని క్లాసులో చెబుతుంటాం. ఒక్క వాక్యపు చీటీలో వదిలేయటానికి చోటే ఉండదు.

చేతిపని గురించి ఇంత ప్రేమగా మాట్లాడుతున్నప్పుడు ఒక ప్రమాదం ఉంది. సూదీ దారం ప్రాణాలు నిలబెట్టాయని అనిపించొచ్చు. నిలబెట్టలేదు. ప్రాణాలు నిలబెట్టింది మందులు. ఆ మందుల ధర 2000 నాటికి ఒక మనిషికి ఏడాదికి పది, పదిహేను వేల డాలర్లు. 2001 ఫిబ్రవరిలో మన సిప్లా కంపెనీ అధినేత యూసఫ్ హమీద్, ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నాడు. రోజుకు డాలరు కూడా కాదు. ఆ తర్వాత హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అరబిందో, హెటెరో లాంటి కంపెనీల బిళ్ళలు కూడా ఆఫ్రికా దేశాలకు చేరాయి. ఖయేలిత్షా స్త్రీకీ మనకూ మధ్య ఉన్న అసలు బంధుత్వం ఇదేనేమో. అయితే బిళ్ళ చౌక అయినంత మాత్రాన చేతికి రాలేదు. థాబో ఎంబెకీ అధ్యక్షుడిగా ఉన్న ఆ ఏళ్ళలో, హెచ్.ఐ.వి. వల్లనే ఎయిడ్స్ వస్తుందా అన్న అనుమానాన్ని ప్రభుత్వమే పెంచి పోషించింది. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే నెవిరాపిన్ మందు ఇవ్వమని రాజ్యాంగ న్యాయస్థానం 2002 జూలైలో ఆదేశించాల్సి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స మొదలయ్యేసరికి 2004. ఆ జాప్యం వల్ల 2000, 2005 మధ్య 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క కట్టారు. మన దేశంలోనూ ప్రభుత్వం ఉచితంగా మందులివ్వటం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1 నుంచే. 1986లో మద్రాసులో మొదటి కేసులు బయటపడిన పద్దెనిమిదేళ్ళకు.

మందు లేని ఆ ఏళ్ళలో ఈస్టర్న్ కేప్ తీరాన, హాంబర్గ్ అనే చిన్న ఊళ్ళో జరిగిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 2000లో అక్కడికి వచ్చిన కేరల్ హాఫ్‌మైర్ డాక్టరూ, చిత్రకారిణీ కూడా. ఊరి ఆడవాళ్ళకు ఎంబ్రాయిడరీ నేర్పే కైస్కమ్మా ఆర్ట్ ప్రాజెక్టు మొదలైంది. కుడుతున్నవాళ్ళే ఒకరొకరుగా జబ్బుపడటం మొదలయ్యాక ఆమె మళ్ళీ డాక్టరు పని అందుకోవాల్సి వచ్చింది, చికిత్స కేంద్రం కూడా ఆ ట్రస్టు పనుల్లో చేరింది. 2005లో సుమారు 130 మంది కలిసి ఒక పెద్ద కుట్టుపని పూర్తి చేశారు. దాని పేరు కైస్కమ్మా ఆల్టర్‌పీస్. చర్చిలో బలిపీఠం వెనక నిలబెట్టే తలుపుల చిత్రపటంలాగా ఉంటుంది, దాదాపు 4 మీటర్ల ఎత్తు. ఫ్రాన్సులో కోల్మార్ మ్యూజియంలో ఉన్న ఇసెన్‌హైమ్ బలిపీఠ చిత్రం దానికి మూలం. గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడు 1512, 1516 మధ్య ఒక మఠం ఆసుపత్రి కోసం వేసింది అది. బూజు పట్టిన ధాన్యం తిని కాళ్ళూ చేతులూ కుళ్ళిపోయే రోగులను దాని ముందుకు తీసుకొచ్చేవారట. అసలు చిత్రంలో శిలువ మీద క్రీస్తు ఉన్నచోట హాంబర్గ్ స్త్రీలు భర్త పోయి దుఃఖంలో ఉన్న ఒక విధవను నిలబెట్టారు. చుట్టూ తల్లీతండ్రీ లేని పిల్లలు. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ పోతే, చిట్టచివర లోపల ఉండేది ఏ దేవుడూ కాదు. ముగ్గురు అమ్మమ్మల నిలువెత్తు ఫోటోలు, మనవలతో. ఆ ఊరి అమ్మమ్మలే.

ఆ అమ్మమ్మల దగ్గర కాసేపు ఆగాలి. ‘కమ్యూనిటీ కేర్’ అన్న మాట రిపోర్టుల్లో చాలా అందంగా ఉంటుంది. ఆసుపత్రిలో మంచం లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నప్పుడు ఆ సమాజం ఎవరు? కూతురి ఒళ్ళు తుడిచిన తల్లి, ఆ కూతురు పోయాక నలుగురు మనవలను వృద్ధాప్య పింఛనుతో పెంచిన అదే తల్లి. చెల్లెలు. పక్కింటామె. సమాజం అని రాసిన ప్రతిచోటా ఆడవాళ్ళు అని చదువుకుంటే రిపోర్టు సరిగ్గా అర్థమవుతుంది. జోన్ ట్రాంటో అనే రాజనీతి శాస్త్రవేత్త 1993లో రాసిన పుస్తకంలో సంరక్షణను కొన్ని దశలుగా విడదీసింది. అవసరాన్ని గుర్తించటం, బాధ్యత తీసుకోవటం, చేతులతో సేవ చేయటం, సేవ అందుకోవటం. మొదటి రెండూ అధికారం ఉన్నవాళ్ళకు, చివరి రెండూ లేనివాళ్ళకు పంచబడ్డాయని ఆమె చెప్పింది. దాతలు, డైరెక్టర్లు, ఎగ్జిబిషన్ ప్రారంభించే ముఖ్య అతిథులు అందరూ మొదటి రెండు దశల్లోనే ఉంటారు. చేతులు మురికయ్యేది మూడో దశలో.

మన దగ్గర ఈ జబ్బు గురించి జరిగిన అతి పెద్ద ప్రచారం జ్ఞాపకం చేసుకోండి. 2000ల తొలినాళ్ళలో ఆంధ్రప్రదేశ్ అంతటా గోడల మీద, బస్సుల మీద, హోర్డింగుల మీద ఒకే ప్రశ్న, ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ పిల్లలు కూడా అదే అడుగుతూ తిరిగేవారు. ప్రచారంగా అది గొప్పగా పనిచేసి ఉండొచ్చు. కానీ పులిరాజా భార్య పేరేమిటో మనకెవరికీ తెలియదు. ఆమెకు వస్తుందా అని ఏ గోడా అడగలేదు. వస్తే ఎవరు చూస్తారని అసలే అడగలేదు. పులిరాజా మంచం పట్టినప్పుడు గంజి తాగించింది ఆమే, చివరికి నీవల్లనే వాడు పోయాడు అనిపించుకుంది ఆమే. ఇరవయ్యేళ్ళ తర్వాత ఎగ్జిబిషన్ స్టాలులో బోర్డు కింద కూర్చున్నదీ ఆమే.

ఆ మధ్యకాలంలో వైద్యం చాలా దూరం వచ్చింది. రోజూ మందు వేసుకుని రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదని ఇప్పుడు రుజువైంది. 2017 నుంచి మన దేశంలో పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు ఇవ్వాలన్నది విధానం. అయితే ఏర్పాట్లు ఎంత పెళుసువో 2025 జనవరిలో తెలిసింది. అమెరికా విదేశీ సహాయాన్ని ఆపేయగానే, దక్షిణాఫ్రికాలో ఆ డబ్బుతో నడిచే సేవలు ఎన్నో మూతపడ్డాయి. అక్కడి ప్రభుత్వం మందుల్ని చాలావరకు సొంత డబ్బుతోనే కొంటుంది గనుక బిళ్ళలు ఆగలేదు. ఆగింది ఎక్కువగా మనుషుల పని, ఇంటింటికీ వెళ్ళి మందు వేసుకున్నావా అని అడిగేవాళ్ళ పని. అంటే మళ్ళీ ఆ మూడో దశే.

ఈ మార్పుల వల్ల చీటీ సమస్య కొత్త తిరుగుడు తిరిగింది. ముప్ఫై ఏళ్ళ వయసులో ఆ బోర్డు కింద కూర్చున్న స్త్రీకి ఇప్పుడు యాభై. పిల్లలు స్థిరపడ్డారు, అల్లుడొచ్చాడు, బహుశా అతనికి ఈ సంగతి చెప్పలేదు. ఆమె పనితనం ఇరవయ్యేళ్ళలో ఎంతో పెరిగింది. కొత్త డిజైన్లు వేస్తుంది, కొత్తగా చేరిన పిల్లలకు నేర్పుతుంది. చీటీ మీద మాత్రం ఆమె ఇంకా బాధితురాలే. చేనేత కార్మికుడి చీటీ మీద అతని షుగరు రాయం గదా అని ఒక మిత్రురాలితో వాదించాను. షుగరుకు ఎవరూ రాళ్ళు వేయరు, అందుకే ఎవరూ జాలిపడి కొనరు కూడా, రెండూ ఒకే మూలం నుంచి వస్తాయి అంది ఆమె. ఆ మాటకు నా దగ్గర ఎదురు మాట లేదు. కొనేవాళ్ళ జాలి తగ్గితే అమ్మకం తగ్గుతుందని భయపడే సంస్థ, ఆ జబ్బు చుట్టూ ఉన్న భయం తగ్గాలని మనస్ఫూర్తిగా ఎలా కోరుకోగలుగుతుంది? కోరుకునే సంస్థలు ఉన్నాయి, నాకు తెలుసు. అవి రేట్లు పెంచటానికి కష్టపడతాయి, డిజైనర్‌ను పెట్టుకుంటాయి, కుట్టు సరిగ్గా లేకపోతే వెనక్కి పంపుతాయి. కుట్టు బాగాలేదని వెనక్కి పంపటం కూడా ఒక మర్యాదే. జిప్పు చూడకుండా మూడు సంచులు కొన్నావిడ చేయని మర్యాద అది.

ఇప్పుడు ఆ బృందాల్లో అడిగితే వినబడే కష్టాలు కూడా మారాయి. పెద్దవాళ్ళయ్యారు గనుక మెడనొప్పి, మోకాళ్ళు. అన్నిటికన్నా ఎక్కువగా కళ్ళు. చిన్న పూసల సూదిలో దారం ఎక్కటం లేదు, నలుపు మీద నలుపు కుట్టలేకపోతున్నాం అంటారు. ఇరవయ్యేళ్ళుగా ఈ స్త్రీల కోసం వేసిన బడ్జెట్లలో పరీక్షలకూ మందులకూ పోషకాహారానికీ శిక్షణకూ పద్దులున్నాయి. కళ్ళజోళ్ళకు పద్దు పెట్టినవాళ్ళు నాకింకా కనబడలేదు.